లివర్‌పూల్‌లో గ్లాడ్‌స్టన్ పేరు తీసేయడం న్యాయమేనా?

మెర్సీ_ఒడ్డు
ఉద్యోగరీత్యా లివర్‌పూల్‌లో ఉంటున్నాను. ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఒక వసతి గృహానికి గ్లాడ్‌స్టన్ పేరు ఉండేది. విద్యార్థులు పట్టుబట్టడంతో 2021లో ఆ పేరు తీసేసి డొరొతీ కూయా పేరు పెట్టాలని నిర్ణయించారు. ఆవిడ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన నల్లజాతి ఉద్యమకారిణి. నిన్న మా ఆఫీసులో భోజనాల దగ్గర దీని మీద పెద్ద వాదన జరిగింది. ఆ పేరు నాలుగుసార్లు బ్రిటన్ ప్రధానమంత్రిగా చేసిన విలియం గ్లాడ్‌స్టన్‌ది. బానిసలు ఉన్నది వాళ్ల నాన్న జాన్‌కు. "తండ్రి చేసినదానికి కొడుకు పేరు చెరిపేస్తారా? అయినా మీరు భారతీయులు, ఈ గొడవ మీకెందుకు?" అన్నాడు ఒక సహోద్యోగి. ఒళ్లు మండింది గానీ నోట మాట రాలేదు.

చరిత్ర చదివినవాళ్లు చెప్పండి. ఈ ఊరి సంపదంతా బానిసల డబ్బేనా, లేక ఎక్కువ చేసి చెబుతున్నారా? ఇందులో మనకు నిజంగా ఏ సంబంధమూ లేదా?

గోదారి_గట్టు
మా తాతగారి దృష్టిలో గ్లాడ్‌స్టన్ అంటే ధర్మరాజు తర్వాత ధర్మరాజు. 1880లో రిపన్‌ను మనకు వైస్రాయిగా పంపింది ఆయన ప్రభుత్వమే కదా. అంతటివాడికి చివరికి హాస్టలు బోర్డు మీద కూడా చోటు లేకపోయింది. కలికాలం.

లెక్కల_పంతులు
మొదటి ప్రశ్నకు నా వంతు. బానిసల కోసం లివర్‌పూల్ నుంచి బయల్దేరిన ప్రయాణాలు దాదాపు 5,000. ఆ ఓడల్లో ఆఫ్రికా నుంచి తరలించిన మనుషులు సుమారు 15 లక్షలు. తెలిసినంతలో మొదటి ఓడల్లో ఒకటైన 'లివర్‌పూల్ మర్చంట్' 1699లో బయల్దేరి, 220 మందిని బార్బడోస్‌లో దించింది. అప్పట్లో ఈ వ్యాపారంలో లండన్, బ్రిస్టల్‌దే పెత్తనం. తర్వాత లివర్‌పూల్ రెండింటినీ దాటేసింది. 1790ల నాటికి బ్రిటన్ బానిస ఓడల్లో సుమారు నాలుగింట మూడు వంతులు ఇక్కడివే.

దీనికి కారణాలు ఉన్నాయి. 1715లో తెరిచిన డాక్‌లో ఆటుపోట్లతో పనిలేకుండా సరుకు ఎక్కించవచ్చు, దించవచ్చు. పక్కనే మాంచెస్టర్ బట్ట ఉంది. కొంచెం ఎడంగా బర్మింగ్‌హామ్ తుపాకులు, ఇత్తడి సామాన్లు. ఫ్రాన్సుతో యుద్ధం వచ్చినప్పుడు ఓడలు ఐర్లాండ్‌కు ఉత్తరంగా చుట్టి పోవచ్చు.

ఊరి సంపద మొత్తం అదేనా అంటే, కాదు. చెషైర్ ఉప్పు ఉంది, బొగ్గు ఉంది, ఐర్లాండ్ వర్తకం ఉంది. 1807లో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించాక ఊరు మునిగిపోతుందని వర్తకులు గగ్గోలు పెట్టారు. మునగలేదు, ఇంకా పెరిగింది. అమెరికా పత్తి దిగుమతితో పెరిగింది, ఆ పత్తి పండించింది కూడా బానిసలే అనుకోండి.

అడ్డ_ప్రశ్న
ఒక మాట అడిగితే అందరూ మీద పడతారని తెలుసు, అయినా అడుగుతాను. పట్టి అమ్మింది ఆఫ్రికా రాజులు, దళారులే కదా? తెల్లవాళ్లు తీరం దాటి లోపలికి పోలేదు. పాపంలో వాళ్ల వాటా సంగతి ఎవరూ ఎందుకు ఎత్తరు?

ప్లీడరు_గుమాస్తా
@అడ్డ_ప్రశ్న ఎత్తకపోవడం ఏమిటి, ప్రతి చర్చలో రెండో జవాబు ఇదే ఉంటుంది. ఇక్కడ మూడో జవాబు, ఆలస్యమైంది.

అమ్మినవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ ఇక్కడ ప్రశ్న లివర్‌పూల్ గురించి. దానికి జాంగ్ ఓడ కేసు చాలు. ఆ ఓడ యజమానుల్లో ముఖ్యుడు విలియం గ్రెగ్సన్, అంతకుముందు ఇదే ఊరికి మేయరుగా చేసినవాడు. 1781 చివర్లో ఓడ దారి తప్పి జమైకాను దాటిపోయింది. నీళ్లు సరిపోవన్న సాకుతో 130 మందికి పైగా మనుషులను విడతలు విడతలుగా సముద్రంలోకి తోశారు. రోగంతో చస్తే నష్టం యజమానిది. "ఓడను కాపాడటానికి పారేసిన సరుకు" అంటే బీమా వస్తుంది. యజమానులు తలకు 30 పౌండ్ల చొప్పున దావా వేశారు. మొదటి జూరీ యజమానుల పక్షాన తీర్పు చెప్పింది. 1783లో పై విచారణలో చీఫ్ జస్టిస్ మాన్స్‌ఫీల్డ్ జూరీ ఆలోచనను ఒక్క ముక్కలో చెప్పాడు: వాళ్ల లెక్కకు ఇది గుర్రాలను పడేసినట్టే. మళ్లీ విచారించమని ఆదేశించాడు. హత్య కేసు మాత్రం ఎవరి మీదా నడవలేదు. కోర్టుకెక్కింది బీమా పాలసీ, అంతే.

అడ్డ_ప్రశ్న
సరే, ఆ కేసు సంగతి నాకు తెలియదు. కానీ వాడు గ్రెగ్సన్. గ్లాడ్‌స్టన్‌కు దీనితో ఏం పని?

లెక్కల_పంతులు
గ్లాడ్‌స్టన్ దగ్గరికి వచ్చే ముందు కాగితాల సంగతి చెప్పాలి. ఎవరూ పట్టించుకోని భాగం అదే.

పాఠ్యపుస్తకంలో త్రికోణం బొమ్మ వేస్తారు: ఇక్కడి నుంచి బట్ట, అక్కడి నుంచి మనుషులు, మళ్లీ ఇక్కడికి చక్కెర. నిజానికి బానిస ఓడ తిరిగొచ్చేటప్పుడు తరచు సగం ఖాళీగానే వచ్చేది. చక్కెర మోయడానికి వేరే పెద్ద ఓడలు ఉండేవి. బానిస ఓడ మోసుకొచ్చే అసలు ఆదాయం కెప్టెన్ పెట్టెలోని హుండీల కట్ట, అంటే ఫలానా గడువుకు ఫలానావాడు డబ్బు చెల్లించాలని రాసిన కాగితాలు. జమైకాలో ఏజెంటు తోట యజమానికి మనుషులను అప్పు మీద అమ్ముతాడు. ఆ బాకీకి లండన్‌లోని ఒక పెద్ద వర్తకుడి మీద హుండీలు రాసిస్తాడు. ఏడాదికి కొన్ని, రెండేళ్లకు కొన్ని, మూడేళ్లకు కొన్ని చెల్లుతాయి. అంతకాలం ఆగలేని లివర్‌పూల్ వర్తకుడు వాటిని వడ్డీ కోసుకుని డబ్బిచ్చేవాడి దగ్గరికి తీసుకెళ్తాడు. అలా డబ్బిచ్చేవాళ్లే బ్యాంకర్లయ్యారు. హేవుడ్ కుటుంబం బానిస వ్యాపారంలోంచి వచ్చి 1773లో బ్యాంకు పెట్టింది. అది చేతులు మారి, పేర్లు మారి, మార్టిన్స్ బ్యాంకులో కలిసి, 1969లో బార్క్లేస్‌లో తేలింది. థామస్ లేలండ్ అనేవాడికి లాటరీలో 20,000 పౌండ్లు తగిలాయి. బానిస ఓడలు నడిపాడు, మేయరయ్యాడు, చివరికి బ్యాంకరయ్యాడు.

అందువల్ల "మా ముత్తాత ఓడ నడపలేదు" అని ఈ ఊళ్లో ఎవరైనా అంటే నేను పెద్దగా లెక్కచేయను. ఆ ముత్తాత హుండీ మీద సంతకం పెట్టి ఉంటాడు.

గోదారి_గట్టు
ఇంత బాగా వడ్డీ లెక్క చెబుతున్నారంటే పంతులుగారి ముత్తాత మీద కూడా అనుమానం వస్తోంది.

లెక్కల_పంతులు
మా ముత్తాత అప్పులు చేసినవాడే గానీ ఇచ్చినవాడు కాడు. ఆ బాకీల్లో కొన్ని మా నాన్నగారి దాకా వచ్చాయి.

మెర్సీ_ఒడ్డు
@లెక్కల_పంతులు మార్టిన్స్ బ్యాంకు భవనం మా ఆఫీసుకు నడిచిపోయే దూరంలోనే ఉంది. 1930ల నాటిది. ద్వారం పక్కన రాతి శిల్పం ఉంటుంది: గడ్డం ఉన్న సముద్ర దేవుడు నిలబడి ఇద్దరు నల్లజాతి పిల్లల తలల మీద చేతులు పెట్టి ఉంటాడు. పిల్లల చేతుల్లో డబ్బు సంచులు. రోజూ దాని పక్క నుంచే పోతున్నాను. ఏదో అలంకారం అనుకున్నాను.

టౌన్ హాలు గోడ మీద, పై వరసలో, ఏనుగు, సింహం, మొసలి తలలతోపాటు ఒక ఆఫ్రికా మనిషి తల కూడా చెక్కి ఉంది. జంతువుల వరసలోనే.

చెరకు_తోట
అనకాపల్లి దగ్గర మాది. చెరకు గురించి ఒక్క మాట. నరికిన చెరకును ఆ రోజు కాకపోతే మర్నాడు ఆడేయాలి, లేకపోతే రసం పులుస్తుంది, దిగుబడి పడిపోతుంది. బెల్లం వండే రోజుల్లో మా ఇంట్లో రాత్రీ పగలూ తేడా ఉండేది కాదు. గానుగలో చెరకు పెట్టేవాడికి కునుకు పడితే చెయ్యి పోతుంది. మా చిన్నాన్నకు రెండు వేళ్లు లేవు.

కరీబియన్ తోటల గురించి చదివినప్పుడు నన్ను కుదిపేసింది ఒకటే విషయం. అక్కడ గానుగ పక్కన పదునుపెట్టిన గొడ్డలి ఒకటి సిద్ధంగా ఉంచేవాళ్లు. ఎవరి చెయ్యి అయినా రోలర్ల మధ్య ఇరుక్కుంటే మనిషి మొత్తం లోపలికి పోకుండా చెయ్యి నరికేయడానికి. అంటే అది ఎప్పుడో జరిగే ప్రమాదం కాదు, ముందే ఏర్పాటు చేసుకున్న పని. మాకు వంట కొన్ని వారాలు. వాళ్లకు నెలల తరబడి, పగలు పొలం, రాత్రి వంతులవారీగా గానుగ, పొయ్యి. పైగా వెనుక కొరడా.

కోరంగి_ఓడ
ఇప్పుడు జాన్ గ్లాడ్‌స్టన్. ఈయన స్కాట్లండ్ నుంచి 1787లో లివర్‌పూల్ వచ్చి ధాన్యం వ్యాపారంలో కుదురుకున్నాడు. తర్వాత డెమెరారాలో, అంటే ఇప్పటి గయానాలో, జమైకాలో తోటలు కొన్నాడు. డెమెరారాలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. అంతా ఏజెంటు ఉత్తరాల మీద నడిచిన వ్యవహారం.

1823 ఆగస్టులో డెమెరారాలో పెద్ద తిరుగుబాటు జరిగింది. పది వేల మందికి పైగా లేచారు. రాజుగారు స్వేచ్ఛ ఇచ్చినా తోట యజమానులు దాచిపెట్టారన్న మాట పాకింది. మొదలైంది జాన్ గ్లాడ్‌స్టన్‌కు చెందిన 'సక్సెస్' అనే తోటలోనే. నాయకుల్లో ఒకడు జాక్, అతని తండ్రి క్వామినా. బానిసలకు యజమాని ఇంటిపేరే తగిలించేవారు కాబట్టి చరిత్రలో అతని పేరు జాక్ గ్లాడ్‌స్టన్. సైన్యం వందల మందిని చంపింది. క్వామినాను కాల్చి, శవాన్ని ఆ తోట ముందే గొలుసులతో వేలాడదీశారు. జాక్‌ను సెయింట్ లూసియా దీవికి పంపేశారు.

1833లో బానిసత్వ రద్దు చట్టం వచ్చింది. యజమానులకు పరిహారంగా రెండు కోట్ల పౌండ్లు కేటాయించారు. జాన్ గ్లాడ్‌స్టన్‌కు 2,508 మంది మనుషుల లెక్కన లక్షా ఆరు వేల పౌండ్లకు పైగా ముట్టాయి. అంతకన్నా ఎక్కువ అందుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. విడుదలైనవాళ్లకు పైసా ఇవ్వలేదు. పైగా "అప్రెంటిస్" అని పేరు మార్చి, వారానికి 45 గంటల దాకా జీతం లేని చాకిరీ చేయించారు. 1838 దాకా.

@మెర్సీ_ఒడ్డు ఇక మీ రెండో ప్రశ్న. ఆ చాకిరీ గడువు అయిపోతే చెరకు ఎవరు నరుకుతారు? అందుకు ఈ పెద్దమనిషి 1836 జనవరిలోనే కలకత్తాలోని గిలాండర్స్ ఆర్బత్‌నాట్ కంపెనీకి ఉత్తరం రాశాడు, కూలీలను పంపగలరా అని. మారిషస్‌కు ఇప్పటికే పంపుతున్నాం, ఇబ్బంది లేదు అని జవాబు. ఛోటా నాగ్‌పూర్ కొండ జనం గురించి ఆ జవాబులో రాసిన మాటలు చదివితే కడుపు రగులుతుంది: మనిషికన్నా కోతికి దగ్గరట, తిండి, తాగుడు, నిద్ర తప్ప వేరే కోరికలే లేనివాళ్లట. 1838 జనవరిలో విట్బీ, హెస్పెరస్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి బయల్దేరి మే 5న డెమెరారా చేరాయి. దిగిన దాదాపు నాలుగు వందల మందిలో కొందరిని పంపిన తోటల్లో ఒకటి గ్లాడ్‌స్టన్‌ల వ్రీడెన్‌హూప్. ఏడాది తిరిగేసరికి కొరడా దెబ్బల కథలు లండన్ చేరాయి, రవాణా ఆపాల్సి వచ్చింది. 1845లో మళ్లీ మొదలై 1917 దాకా సాగింది. మొత్తం 2,38,909 మంది. ఎక్కువమంది కలకత్తా మీదుగా, కొంతమంది మద్రాసు మీదుగా వెళ్లారు. మద్రాసు ఓడల్లో తమిళులతోపాటు మనవాళ్లూ ఉన్నారు.

మీ సహోద్యోగి "మీకెందుకు" అంటే ఆ రెండు ఓడల పేర్లు చెప్పండి.

గోదారి_గట్టు
ఒకే మనిషి. బానిసలను వదిలినందుకు సర్కారు దగ్గర డబ్బు, ఆ చేత్తోనే మన దేశానికి ఉత్తరం. లివర్‌పూల్ వాళ్ల వ్యాపార బుద్ధికి దండం పెట్టాలి.

పెడన_అద్దకం
కోరంగిగారు కూలీల దగ్గర మొదలుపెట్టారు గానీ మన సంబంధం అంతకు నూరేళ్ల ముందే మొదలైంది. ఆఫ్రికా తీరంలో దళారి మొట్టమొదట అడిగేది బట్ట. నాణ్యం పసిగట్టడంలో వాళ్లు ఘటికులు. రంగు దిగే బట్ట ఇస్తే మొహాన కొట్టేవాళ్లు. వాళ్లకు నచ్చింది కోరమాండల్ నూలు బట్ట, ముఖ్యంగా నీలి రంగు పట్టించింది. ఐరోపా వర్తకులు దాన్ని గినీ గుడ్డ అనే పిలిచేవారు. మన తీరంలో మచిలీపట్నం, మాధవపాలెం, ఇంజరం, విశాఖపట్నంలలో ఇంగ్లీషువాళ్ల కొఠీలు, అంటే వర్తక స్థావరాలు, అన్నీ ఈ బట్టల కొనుగోలు కోసం పెట్టుకున్నవే. డచ్చివాళ్లకు పాలకొల్లు, భీమిలి, జగన్నాథపురం.

ఇంకో తమాషా. రంగుల అద్దకం బట్టలు ఇంగ్లండులో కట్టుకోకూడదని 1701లోనూ 1721లోనూ చట్టాలు చేశారు, అక్కడి నేతగాళ్ల గోల భరించలేక. కానీ లండన్‌కు తెచ్చి మళ్లీ బయటికి పంపుకోవచ్చు. అలా బయటికి పోయినదానిలో పెద్ద భాగం ఆఫ్రికాకు. లివర్‌పూల్ వాళ్లు లండన్ వేలంలో కొనేవారు, లేదంటే 1765 దాకా సుంకం బెడద లేని ఐల్ ఆఫ్ మాన్ దీవిలో చౌకగా తెచ్చుకునేవారు. ఆ తర్వాత మాంచెస్టర్ వాళ్లు మన బట్టకు నకలు నేసి అదే బజారులో పెట్టారు.

మగ్గం మీద కూర్చున్నవాడికి ఆ బట్టతో మనిషిని కొంటారని తెలిసే వీలు లేదు. కొఠీ గుమాస్తా బయానా ఇచ్చాడు, గడువులోగా నేయాలి, అంతే.

అడ్డ_ప్రశ్న
ఇదే నేను అనబోయాను. అలా లాగితే ప్రపంచంలో ప్రతివాడికీ వాటా ఉంటుంది. నేతగాడు అమాయకుడైతే లివర్‌పూల్‌లో తాడు పేనేవాడూ అమాయకుడే.

ప్లీడరు_గుమాస్తా
తాడు పేనేవాడికి ఓడ కళ్లెదుటే ఉంది. దాని పొట్టలో అరలు ఎందుకు కడుతున్నారో వడ్రంగికి తెలుసు. రెండూ ఒకటి కావు.

పెడన_అద్దకం
పైగా తెలిసీ ఎదురు నిలిచినవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు. ఎడ్వర్డ్ రష్టన్ అని ఒక నావికుడు, కవి. బానిస ఓడ మీద పనిచేస్తూ, అడుగున బంధించినవాళ్లకు కళ్ల జబ్బు వస్తే వాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఆ జబ్బు అంటుకుని చూపు పోయింది. తర్వాత జీవితమంతా ఆ వ్యాపారాన్ని తిడుతూనే రాశాడు. గుడ్డివాళ్లకు బడి పెట్టించడంలో ముందున్నాడు. విలియం రాస్కో ఆ ఊరి ఎంపీగా ఉండి 1807లో నిషేధానికి ఓటేశాడు, ఊరికి తిరిగొస్తే గుంపు మీద పడింది.

గోదారి_గట్టు
జేమ్స్ క్రాపర్‌ను మరిచారు. క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన లివర్‌పూల్ వర్తకుడు. 1823లో జాన్ గ్లాడ్‌స్టన్‌తో పత్రికల్లో ఉత్తరాల యుద్ధం నడిపాడు, బానిసత్వం దండగమారి వ్యాపారం అని. గ్లాడ్‌స్టన్ పక్షం ఎదురు దెబ్బ ఏమిటంటే, "నువ్వు తూర్పిండియా చక్కెర దిగుమతి చేసుకుంటావు, నీ లాభం కోసమే ఈ ధర్మపన్నాలు" అని. ఆయన తూర్పిండియా చక్కెర తెప్పించుకోవడం నిజమే. ధర్మం, లాభం ఒకే దారిలో పోతే ఎవరికి చేదు?

నాటాల్_నుంచి
నా తెలుగులో తప్పులు ఉంటే సర్దుకోండి, ఇక్కడ బడిలో నేర్పలేదు, ఆంధ్ర సంఘంలో నేర్చుకున్నది. మా పెద్దలు కరీబియన్ వెళ్లలేదు, దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చారు. మద్రాసు నుంచి 'ట్రురో' అనే ఓడ 1860 నవంబరు 16న మొదట ఇక్కడికి చేరింది. అది కూడా చెరకు కోసమే. 1911 దాకా 1,52,184 మంది వచ్చారు.

ఒక మాట కటువుగా చెబుతాను. ఈ మధ్య మనవాళ్లు "మేమూ బానిసలమే" అంటున్నారు. మా అవ్వ ఆ మాట ఒప్పుకునేది కాదు. మావాళ్లకు అయిదేళ్ల గడువు ఉంది. కాగితం మీద పేరు, తండ్రి పేరు, ఊరు, కులం రాశారు. ఆ జాబితాలు చూసే నేను మావాళ్ల జిల్లా విశాఖపట్నం అని తెలుసుకున్నాను. ఆఫ్రికా నుంచి తెచ్చిన మనిషికి సొంత పేరే మిగలలేదు, బిడ్డ పుడితే ఆ బిడ్డ కూడా యజమాని ఆస్తి. మావాళ్లు దెబ్బలు తిన్నారు, జైలుకు పోయారు, కొందరు ఉరి వేసుకున్నారు. ఆ కష్టం చెప్పుకోవడానికి పక్కవాడి కష్టం అరువు తెచ్చుకోవాలా?

కోరంగి_ఓడ
కొంత ఒప్పుకుంటాను, కొంత కాదు. 1838లో ఆ రెండు ఓడలు ఎక్కినవాళ్లకు ఎంత దూరం పోతున్నారో చెప్పలేదు. గుర్తు పెట్టించిన కాగితం చదవడం రాదు. తోట వదిలి బయటికి పోతే జైలు. బానిసలు ఉండిపోయిన పూరిళ్లలోనే దింపారు. చట్టంలో తేడా ఉంది, ఒంటి మీద దెబ్బలో తేడా ఎంత?

నాటాల్_నుంచి
గడువు తీరాక మా ముత్తాత కూరగాయల తోట వేసుకున్నాడు. తేడా అంత.

చెరకు_తోట
ఇద్దరి మాటలూ రెండుసార్లు చదివాను. నేను నాటాల్ గారి పక్షం.

మెర్సీ_ఒడ్డు
అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. కొడుకు సంగతి ఏమిటి?

ప్లీడరు_గుమాస్తా
కొడుకు చేతులు కూడా అంత శుభ్రం కాదు. వ్రీడెన్‌హూప్ తోటలో చావులు పెరిగాయని 1833లో లార్డ్ హోవిక్ పార్లమెంటులో ఎత్తిచూపితే, జవాబు చెప్పడానికి లేచింది 23 ఏళ్ల విలియమే. సభలో ఆయన తొలి పెద్ద ప్రసంగం తండ్రి తోటను, మేనేజరును వెనకేసుకొచ్చినదే. 1862లో మంత్రిగా ఉండి, అమెరికాలో బానిస రాష్ట్రాల నాయకుడు జెఫర్సన్ డేవిస్ "ఒక జాతిని నిర్మించాడు" అని న్యూకాసిల్‌లో పొగిడాడు. తర్వాత ఆ మాటకు చాలా నొచ్చుకున్నాడు, అదీ చెప్పాలి. ముసలితనానికి చాలా విషయాల్లో మారాడు. కానీ ఈటన్ చదువు, ఆక్స్‌ఫర్డ్ చదువు ఆ తోటల రాబడి మీద నడిచినవే.

అడ్డ_ప్రశ్న
మారిన మనిషికి విలువ లేదా మరి? నా వరకు బోర్డు ఉంచి, పక్కన ఇదంతా రాసి పెట్టేవాణ్ణి. పేరు తీసేస్తే రేపటి విద్యార్థి ఈ కథ అడగనే అడగడు.

పెడన_అద్దకం
పేరు ఉన్న ఇన్నేళ్లూ ఎంతమంది అడిగారు?

కోరంగి_ఓడ
గ్లాడ్‌స్టన్ పేరే కావాలనుకుంటే జాక్ గ్లాడ్‌స్టన్ హాలు అని పెట్టుకోవచ్చు. రెండు అక్షరాల ఖర్చు.

ఇంకోటి. 2023 ఆగస్టులో ఆ కుటుంబం వారసులు గయానా వెళ్లి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధనకు డబ్బు ఇస్తామన్నారు. బయట కొందరు ప్లకార్డులు పట్టుకుని, ఇది చాలదు, పరిహారం ఇవ్వండి అన్నారు. ఆ సమయంలో గయానా అధ్యక్షుడు ఇర్ఫాన్ అలీ, ఆయన పూర్వికులు భారతీయులే.

లెక్కల_పంతులు
పరిహారం మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. 1835లో యజమానులకు ఇవ్వడానికి బ్రిటిష్ ప్రభుత్వం చేసిన అప్పు ఇతర పాత అప్పుల్లో కలిసిపోయి 2015లో పూర్తిగా తీరింది. @మెర్సీ_ఒడ్డు మీరు అక్కడికి ఎప్పుడు వెళ్లారు?

మెర్సీ_ఒడ్డు
2012. అంటే ఆ అప్పు తీర్చిన పన్నులో నాదీ ఉందన్నమాట! రేపు భోజనాల దగ్గర మొదట చెప్పేది ఇదే. విట్బీ, హెస్పెరస్ తర్వాత.

గోదారి_గట్టు
జాన్ గ్లాడ్‌స్టన్‌కు పరిహారం కట్టిన తెలుగువారు. సన్మానం చేయాలి.

చెరకు_తోట
శాలువా నేను తెస్తాను. బెల్లం కూడా.

పెడన_అద్దకం
శాలువా నా దగ్గర కొనండి. @మెర్సీ_ఒడ్డు, బీటిల్స్ అభిమానులు ఎగబడే పెన్నీ లేన్ వీధి జేమ్స్ పెన్నీ అనే బానిస వ్యాపారి పేరు మీద వచ్చిందంటారు, నిజమేనా?

మెర్సీ_ఒడ్డు
2020లో ఎవరో అక్కడి బోర్డుల మీద నల్ల రంగు పూశారు. బానిసత్వం మ్యూజియం వాళ్లు పాత కాగితాలు తిరగేసి, ఆ వర్తకుడికీ వీధికీ సంబంధం ఉన్నట్టు ఆధారం లేదని తేల్చారు.

నాటాల్_నుంచి
ఓడ జాబితాలు వెతకాలనుకునేవాళ్లకు: ఊరి పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి తోచినట్టు రాశాడు. అచ్చం అలాగే వెతికితే దొరకవు. పైకి చదివి చూడండి. జిల్లా, తాలూకా ముందు పట్టుకుంటే ఊరు తేలిక. మా ఊరు ఇంకా దొరకలేదు. శృంగవరపుకోట తాలూకా వాళ్లు ఎవరైనా ఇక్కడ ఉన్నారా?

చెరకు_తోట
మా అత్తగారిది ఆ తాలూకాయే. జాబితాలో ఎలా రాసి ఉందో అలాగే ఇక్కడ పెట్టండి, ఆవిడకు చదివి వినిపిస్తాను.